వేళ్లకంటిన వాసన

లుబ్లియానా
18 అక్టోబరు 1982

మా నెవెంకాకి,

నెల రోజులుగా ఉత్తరం ముక్క రాయలేదని మొహం మాడ్చుకుని ఉంటావు. ఏం చెయ్యను, చేతులు ఖాళీ ఉండవు. ఖాళీ అయ్యేసరికి మసి కొట్టుకుని ఉంటాయి.

ఫార్మసీ మూడో ఏడు మొదలైంది. ఇంతవరకు చదివింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఫిజియాలజీ, ఫార్మకాలజీ, విషశాస్త్రం మూడూ ఈ ఏడే. ఒళ్లు ఎలా పనిచేస్తుంది, మందు దాన్ని ఏం చేస్తుంది, అదే మందు ఎక్కువైతే ఏమవుతుంది. ప్రొఫెసర్ కోబాల్ గారు మొదటి రోజే, ఇవి మూడూ ఒకటే పాఠం, మీరు మూడుసార్లు తప్పడానికి వీలుగా విడగొట్టాం అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

మొన్న శుక్రవారం కప్ప గుండె మీద ప్రయోగం. నున్నటి కాగితానికి మసి పట్టించి డబ్బాకి చుడతారు. డబ్బా మెల్లగా తిరుగుతుంది. కప్ప గుండెకి కట్టిన దారం ఒక సన్నటి ముల్లుని లాగుతూ ఉంటే మసి మీద తెల్లగా గీత పడుతుంది. ఒక మందు చుక్క వేస్తే గుండె నెమ్మదించి గీత చదునైపోయింది. బెల్లడోనా అనే విషపు మొక్క నుంచి తీసిన ఇంకో చుక్క వేయగానే మళ్లీ లేచింది. చివర సూదితో మసి మీద పేరు గీసి, కాగితాన్ని లక్కనీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ఆ తర్వాత ఎవరూ దాన్ని చెరపలేరు. అసిస్టెంటు నా కాగితాన్ని గోడకి తగిలించాడు. ముప్ఫై నలుగురిలో నాది ఒక్కటే.

నీకు రాస్తుంటే నువ్వూ పక్కన ఉంటే బాగుండేదనిపించింది. ఇక్కడ నాతో సమంగా ఒక్కతీ లేదు.

పిన్నినీ బాబాయినీ అడిగానని చెప్పు.

నీ యెరిత్సా


పోద్‌గోరా
1 నవంబరు 1982

ఏమే యెరిత్సా,

నీ ఉత్తరం అందింది. కప్ప గుండె గురించి చదివి మా అమ్మ, పాపం ఆ కప్పకి దయ్యం పట్టిందా అంది. లేదమ్మా, మనమ్మాయి పట్టింది అన్నాను.

ఈ రోజు చనిపోయినవాళ్ల పండగ కదా, అమ్మమ్మ సమాధి కడిగి చామంతులు పెట్టి కొవ్వొత్తులు వెలిగించాం. మీ అమ్మ కూడా వచ్చింది. పెద్దమ్మ నీ గురించి చెప్పడం మొదలుపెడితే పక్క సమాధుల వాళ్లు కూడా వినాల్సిందే. నేను మూలికల కేంద్రం నుంచి సగం రోజు సెలవు పెట్టి వచ్చాను. ఇప్పుడు గులాబీ కాయల కాలం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జల్లెడలు తిప్పుతాను. నా చేతులకీ మసి అవుతుంది తల్లీ, మాది ఆరబెట్టే పొయ్యి గొట్టం మసి. దాని మీద పేరు గీసి ఎవరూ గోడకి తగిలించరు.

నీతో సమంగా ఒక్కతీ లేదని రాశావు. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇంటర్వ్యూ రోజు బస్సులో ఏం జరిగిందో నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం గుర్తుంది. లోయ మొత్తానికి మందుల ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చేది ఒక్క స్కాలర్‌షిప్. ఎండిపోయిన బెల్లడోనా ఆకుని ఎలా పోల్చుకోవాలి అని నువ్వు అడిగితే, ఆకు వెనక ఇసుక చల్లినట్టు చిన్న చిన్న బుడిపెలు వేలికి తగులుతాయని చెప్పింది నేను. లోపల నిన్ను అడిగింది అదే ప్రశ్న. నన్ను అడిగింది ఏదో సూత్రం. నేను నోరు తెరిచి నిలబడ్డాను.

దెప్పుతున్నానని అనుకోకు. అనుకున్నా సరే. నీ కప్పకి చుక్క వేసిన మందు కూడా ఆ బెల్లడోనాదే కదా, అందుకని జ్ఞాపకం వచ్చింది.

వాల్‌నట్ రొట్టె పంపుతున్నాను. నీ రూమువాళ్లకి కూడా పెట్టు.

నెవెంకా


లుబ్లియానా
5 ఫిబ్రవరి 1983

నెవెంకా,

రొట్టె ఒక్క సాయంత్రానికి చెల్లిపోయింది. బెల్లడోనా సంగతి నేను మరిచిపోలేదు. కానీ నువ్వు చెప్పింది ఒక్క ముక్క. లోపల పావుగంట కూర్చుని మిగతా ప్రశ్నలకి జవాబు చెప్పుకుంది నేను. ఎన్నేళ్లని ఆ ఒక్క ఆకునే నమిలి నమిలి ఉమ్ముతావు?

ఫిజియాలజీలో తొమ్మిది వచ్చింది. నిన్న ఫార్మకాలజీ, విషశాస్త్రం కలిపి నోటి పరీక్ష జరిగింది. పది. పదికి మించి ఇక్కడ లేదు, ఆరు వస్తే చాలు గట్టెక్కినట్టే. మా దగ్గర ప్రొఫెసర్‌కి ఒక్కొక్కళ్లం మా మార్కుల పుస్తకం ఇచ్చి ఎదురుగా కూర్చుంటాం. పాసైతే అందులో అంకె వేసి సంతకం పెడతారు. తప్పితే ఏమీ రాయరు, పుస్తకం మూసి తిరిగి చేతిలో పెడతారు. అలా పుస్తకం పట్టుకుని బయటికొచ్చే వాళ్ల మొహాలు చూడాలి నువ్వు. కారిడార్‌లో అందరూ కిటికీలోంచి ట్రామ్ కోసం చూస్తున్నట్టు నిలబడతారు. లుబ్లియానాలో ట్రామ్ తీసేసి పాతికేళ్లయింది.

కిందటి వారం కుందేలు ఒక కంట్లో ఒక చుక్క, రెండో కంట్లో ఇంకో చుక్క వేశాం. ఒక కనుపాప నాణెమంత విచ్చుకుంది, రెండోది సూదిబెజ్జమైంది. అది ఆ రెండు కళ్లతో నా వంక చూస్తూ నా చేతిలోని క్యారెట్ తినేసింది.

అమ్మకి పది సంగతి చెప్పు. నేను వేరే రాస్తాను గానీ నువ్వు చెబితే బాగుంటుంది.

యెరిత్సా


పోద్‌గోరా
14 ఫిబ్రవరి 1983

కుమారి యెరిత్సా గారికి,

అభినందనలు. పెద్దమ్మకి చెప్పాను. పెద్దమ్మ రొట్టెల కొట్లో చెప్పింది. రొట్టెల కొట్టు ఆవిడ ఫాదర్‌కి చెప్పింది. ఆదివారం చర్చి మెట్ల దగ్గర నలుగురు నా చెయ్యి పట్టుకుని, మీ యెరిత్సా ఎంత తెలివైంది అన్నారు. నేను కూడా తల ఊపాను. ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసింది.

నువ్వు కుందేళ్ల కళ్లలో చుక్కలు వేస్తున్నావు. నేను కుందేళ్లకి గడ్డి వేస్తున్నాను. ఇంతకంటే రాయడానికి ఇక్కడ విశేషాలు లేవు.

నిజం చెప్పనా, నీ ఉత్తరం చదివి నాకు కడుపు మండిపోయింది. పది అన్న అంకె చూసి కాదు. అమ్మకి నువ్వు చెబితే బాగుంటుంది అన్నావు చూడు, దానికి.

నెవెంకా


లుబ్లియానా
16 మార్చి 1983

ప్రియమైన నెవెంకా,

కోపం తగ్గిందా? తగ్గకపోయినా ఇది చదువు. పనికొచ్చే సంగతి.

మంచు కరిగింది కాబట్టి మనవాళ్లందరూ అడవి వెల్లుల్లి ఆకు కోసం బుట్టలు పట్టుకుని బయల్దేరుతారు. విషశాస్త్రం తరగతిలో దీని గురించే ప్రత్యేకంగా చెప్పారు. శరదృతువులో పచ్చికలో ఊదాపువ్వు పూస్తుందే, పోద్‌లెసెక్, దాని ఆకు కూడా సరిగ్గా ఇప్పుడే మొలుస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. దానిలో కాల్చిసిన్ అనే విషం ఉంది. గుప్పెడు ఆకు చాలు మనిషి పోవడానికి. విరుగుడు లేదు.

పల్లెల్లో అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, ఆకు నలిపి వాసన చూసి వెల్లుల్లి కంపు వస్తే మంచిదే అనుకుంటారు. అది శాస్త్రీయం కాదు. పది మంచి ఆకులు నలిపాక వేళ్లకే ఆ వాసన పట్టేస్తుంది. ఆ తర్వాత కర్రముక్క నలిపినా వెల్లుల్లి వాసనే వస్తుంది. కాడ చూడాలి. అడవి వెల్లుల్లి ఆకు ప్రతిదీ తన కాడతో విడిగా నేలలోంచి వస్తుంది. పోద్‌లెసెక్ ఆకులు మూడు నాలుగు ఒకే మొదలు నుంచి ఒకదాన్నొకటి కౌగిలించుకుని వస్తాయి, కాడ ఉండదు.

ఇది అక్కడ చదువుకోని వాళ్లందరికీ వివరంగా చెప్పు. నువ్వు కూడా ఈసారి ముక్కుని నమ్ముకోకు.

యెరిత్సా


పోద్‌గోరా
7 ఏప్రిల్ 1983

శాస్త్రీయమైన యెరిత్సా గారికి,

చదువుకోని నెవెంకా రాయునది.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మూడు వారాలూ ఒళ్లు మండుతూనే ఉంది. అడవి వెల్లుల్లి నాకు నేర్పుతావా నువ్వు? అమ్మమ్మ చివరి ఏడాది తన బుట్ట ఎవరి చేతిలో పెట్టింది? అడవిలోకి వెళ్లిన ప్రతిసారీ తేనెటీగ కుట్టిందని ఏడ్చి మధ్యలో వెనక్కి పరిగెత్తింది ఎవరు? ఇరవై ఏళ్లకి నా ముక్కుకి తెలిసినది నీ ప్రొఫెసర్‌కి ఏ పుస్తకంలోనూ దొరకదు. నువ్వు ఏదో ఒకటి నేర్చుకుంటావు, వెంటనే అది నాకు తెలియనిదైపోతుంది. నేను చెప్పిన బెల్లడోనా కూడా ఇప్పుడు నీదే.

ఈ రోజు కేంద్రం నుంచి వస్తూ కోశాను. మనం వెళ్లే వాగు పక్క చోటు ఖాళీ, నగరం నుంచి కార్లలో వచ్చిన వాళ్లు వేళ్లతో సహా పీక్కుపోయారు. నేను అడవి అంచుకి, పచ్చిక కలిసే చోటికి వెళ్లాను. అక్కడ ఒత్తుగా ఉంది. గుప్పెళ్లతో కోశాను. నలిపి చూశాను, ముక్కు అదిరిపోయే వాసన. కాడ చూడలేదు. చూడను కూడా.

అదే బుట్టలోంచి నీకు కొంత పంపుతున్నాను, ఈ ఉత్తరం దాని మీదే పెడుతున్నాను. నీ భూతద్దం తెచ్చుకుని చూసుకో, నీ తరగతిలో బల్ల మీద పరిచి చూపించు. మిగతాది తడిగుడ్డలో చుట్టి నేలమాళిగలో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం పచ్చిదే తరిగి జున్నులో కలుపుకుని తింటాను. అమ్మకి పిత్తాశయం నొప్పి, ముట్టదు. నాన్న లారీ తీసుకుని సెర్బియా వెళ్లాడు. అంతా నేనే తింటాను, నీ పేరు చెప్పుకుని.

నెవెంకా


లుబ్లియానా
14 ఏప్రిల్ 1983

నెవెంకా,

ఇది ఆసుపత్రికి పంపుతున్నాను. నిన్న వచ్చాను, నిన్ను చూడనివ్వలేదు. గాజు తలుపు అవతల నీ మంచం కాళ్లు మాత్రం కనిపించాయి. పిన్ని కారిడార్‌లో కూర్చుని నీ జోళ్లు ఒళ్లో పెట్టుకుని ఉంది. నువ్వు చదవగలిగే నాటికి చదువుతావని రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్పాలి. నీ పార్సెల్ శుక్రవారం మధ్యాహ్నానికే వచ్చింది. నేను సోమవారం పొద్దున విప్పాను.

ఆ శుక్రవారం నేను ఫార్మకాలజీ తప్పాను. రెండోసారి. ఫిబ్రవరిలో పది అని రాశానే, అబద్ధం. కోబాల్ గారు నా పుస్తకం మూసి చేతిలో పెట్టారు. కారిడార్‌లో ట్రామ్ కోసం చూసిన మొహం నాదే. శుక్రవారం మళ్లీ అదే మొహంతో హాస్టల్‌కి వస్తే మంచం మీద నీ పార్సెల్, పైన నీ చేతిరాత, గది గదంతా వెల్లుల్లి వాసన. నాకు నువ్వు గుర్తొచ్చావు. నువ్వు ఏనాడైనా ఏ ఆకు ముందరైనా తడుముకున్నావా? నీ మీద నాకు అంత కుళ్లు ఎప్పుడూ పుట్టలేదు. విప్పకుండా కిటికీ బయట గట్టు మీద పెట్టి తలుపు వేసేశాను. శనివారం, ఆదివారం దాని వంక చూడలేదు. నువ్వు ఆదివారం మధ్యాహ్నం తింటానని రాసిన కాగితం ఆ కిటికీ గట్టు మీదే ఉంది.

సోమవారం వాసన భరించలేక అవతల పారేద్దామని విప్పాను. పైన ఉన్నవి మంచివే. అడుగున ఆకులు మూడేసి ఒకే మొదలుకి ఉన్నాయి. ఒకదానిలో నడుమ పచ్చి కాయ కూడా ఉంది. మెట్లు ఎలా దిగానో తెలీదు. పోస్టాఫీసు నుంచి మన ఊరి పోస్టాఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి ఆవిడ తాపీగా, నెవెంకాకి రాత్రి నుంచి వాంతులు, డాక్టర్ వచ్చి పొట్టలో జ్వరం అన్నాడు అంది. పరిగెత్తి వెళ్లి అది పోద్‌లెసెక్ అని చెప్పు, అంబులెన్స్ పిలవమను, అని అరిచాను. వరసలో ఉన్నవాళ్లందరూ నా వంకే చూశారు.

ఇంకొకటి ఉంది. ఫిబ్రవరిలో నన్ను అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? ఆయన నా ఊరు చూసి నవ్వి, కొండపిల్లవి కదా, పుస్తకం వద్దు, అడవి వెల్లుల్లినీ పోద్‌లెసెక్‌నీ బుట్టలో ఎలా విడదీస్తావు చెప్పు అన్నారు. వాసన చూసి అన్నాను. నువ్వు అలాగే చూస్తావని నాకు తెలుసు, అదే చెప్పాను. అప్పుడాయన, మీ ఊళ్లో ఎవరికైనా ఈ సంగతి చెప్పు ముందు, పరీక్ష తర్వాత రాద్దువు గాని, అని పుస్తకం ఇచ్చేశారు.

నేను నీకు అది చెప్పాను. ఎలా చెప్పానో చూడు. తరగతిలో ప్రత్యేకంగా చెప్పారన్నాను. శాస్త్రీయం కాదన్నాను. చదువుకోని వాళ్లందరికీ చెప్పమన్నాను. నెవెంకా, నేను ఈ ప్రశ్నకి తప్పాను, మనిద్దరికీ ఇది తెలీదు అని ఒక్క వాక్యం రాసి ఉంటే నువ్వు కాడ చూసేదానివి. నాకు తెలుసు చూసేదానివని. నీ ముందు తప్పానని ఒప్పుకోవడం కంటే నాకు చావు నయమనిపించింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నోరు నేనే కుట్టుకోవాలని ఉంది.

మొత్తం చెబుతున్నాను కాబట్టి ఇదీ విను. మనకి ఎనిమిదేళ్లప్పుడు మధ్యాహ్నం గడ్డివాములో నిద్రపోయి లేస్తే నీ జడ కొస బెత్తెడు లేదు. ఎలుకలు కొరికాయన్నారు. ఎలుకలు కాదు. అమ్మమ్మ రోజూ నీ జడే ముందు అల్లేది. నా జుట్టు పీచు, అల్లినా నిలవదు. కత్తెర తీసుకొచ్చింది నేను.

బతుకు నెవెంకా. బతికి నన్ను ఏమన్నా అను.

యెరిత్సా


లుబ్లియానా
20 ఏప్రిల్ 1983

నెవెంకా,

పిన్ని ఫోన్ చేసింది. నిన్న గ్లాసుడు టీ తాగావట. రక్తంలో తెల్లకణాలు అడుగంటి మళ్లీ లేస్తున్నాయని డాక్టరమ్మ చెప్పిందట. ఆ అంకెలు పిన్ని కాగితం మీద రాసుకుని చదివింది, నేను ఇక్కడ రాసుకున్నాను.

నీకు ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఈసారి గొప్పకి కాదు. ఈ విషం ఒంట్లో కణాలు రెండుగా చీలకుండా ఆపేస్తుంది. తొందరగా చీలే కణాలు ముందు దెబ్బ తింటాయి. పేగు పొర, ఎముకల్లో రక్తం తయారయ్యే చోటు, జుట్టు మొదళ్లు. పేగు గండం దాటావు, రక్తం దాటుతున్నావు. ఇక జుట్టు రాలుతుంది. గుప్పెళ్లతో రాలుతుంది. భయపడకు. ఈ విషంతో పోయేవాళ్లు వారం లోపే పోతారు, జుట్టు రాలేదాకా ఉండరు. నీ దువ్వెనకి జుట్టు వస్తే నువ్వు బతికినట్టు. నాలుగైదు నెలల్లో మళ్లీ వస్తుంది.

నేను ఈ వాక్యాలు పుస్తకంలో వెతికి మూడుసార్లు చూసుకుని రాశాను.

యెరిత్సా


ఆసుపత్రి, రెండో అంతస్తు
29 ఏప్రిల్ 1983

యెరిత్సా,

పెన్సిల్‌తో రాస్తున్నాను. పెన్ను నొక్కడానికి బలం లేదు. రోజుకి నాలుగు వరసల చొప్పున రాస్తున్నాను కాబట్టి ఒక చోట కోపంగా, ఇంకో చోట మామూలుగా ఉంటుంది. సర్దుకో.

నీ రెండు ఉత్తరాలూ నర్సు చదివి వినిపించింది. మొదటిది సగంలో ఆపి, ఇంకా చదవనా అని అడిగింది. చదవమన్నాను. కత్తెర దగ్గరికి వచ్చేసరికి ఆవిడే నీ మీద కోపగించుకుంది.

మొదటి రోజు రాత్రి నాకేం అనిపించిందో చెప్పనా? వాంతుల మధ్య బకెట్ పట్టుకుని కూర్చుని, ఇది యెరిత్సాకి తెలియకూడదు అనుకున్నాను. చచ్చిపోతానన్న భయం ఆ తర్వాత వచ్చింది. నీ ఉత్తరం నేను చదివాను. ఒకసారి కాదు, మూడు వారాలూ చదివాను. పచ్చిక అంచున వంగినప్పుడు కూడా నీ మాటలు చెవిలోనే ఉన్నాయి. ఒక్క ఆకు తిప్పితే కాడ కనిపించేది. తిప్పితే నువ్వు గెలిచినట్టవుతుందని తిప్పలేదు. ఇది నేను డాక్టరమ్మకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. తొందరలో చూసుకోలేదన్నాను.

పది అబద్ధమని విన్నప్పుడు, చెప్పాలంటే సిగ్గుగా ఉంది, హాయిగా అనిపించింది. చర్చి మెట్ల మీద పట్టేసిన మెడ ఇప్పుడు వదిలింది. ఆ వెంటనే, నేను రెండు నెలలు ఎవరి మీద కుళ్లుకుని చచ్చాను అనిపించి ఏడుపొచ్చింది. పరీక్ష తప్పి గదిలో తలుపేసుకున్న దాని మీదా?

పార్సెల్ విప్పనందుకు నిన్ను తిట్టాలని రెండు రోజులు మాటలు పోగుచేశాను. తర్వాత లెక్క వేసుకుంటే, సోమవారమైనా నువ్వు విప్పావు. విప్పకుండా పారేసి ఉంటే ఆ డాక్టర్ ఇంకా పొట్టలో జ్వరమనే అంటూ ఉండేవాడు. అందుకని తిట్లు సగమే పంపుతున్నాను. సిగ్గులేనిదానా. అబద్ధాలకోరుదానా. మిగతా సగం నాకే అట్టేపెట్టుకున్నాను.

నిన్న దిండు మీద జుట్టు చూశాను.

నెవెంకా


లుబ్లియానా
21 మే 1983

నెవెంకా,

నిన్న మూడోసారి కూర్చున్నాను. ఇది తప్పితే స్కాలర్‌షిప్ రద్దు, సామాను సర్దుకుని ఇంటికి రావడమే. అమ్మకి ముందే ఫోన్ చేసి నిజం చెప్పాను. రొట్టెల కొట్టు ఆవిడకి ఏం చెప్పాలి ఇప్పుడు అంది.

కోబాల్ గారు రెండు మామూలు ప్రశ్నలు అడిగారు. చెప్పాను, గొప్పగా కాదు. మూడోది ఏం అడగాలా అని నా పుస్తకంలో ఊరు పేరు చూసి, మీ లోయలో ఈ వసంతంలో ఎవరికో పోద్‌లెసెక్ తగిలిందట కదా అన్నారు. మా నెవెంకాకి అన్నాను. ఆ తర్వాత ఆయన అడగలేదు, నేనే చెబుతూ పోయాను. ఎన్ని గంటలకి వాంతులు, ఏ రోజుకి తెల్లకణాలు ఎంత, ఏ రోజు జుట్టు, ఎందుకు. పిన్ని ఫోన్‌లో చదివిన అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు. వాసన ఎందుకు మోసం చేస్తుందో అడిగితే, మంచి ఆకు కోసినవాళ్ల వేళ్లే మోసపోతాయి, కొత్తవాళ్లవి కాదు అన్నాను. మధ్యలో ఆయన నీళ్ల గ్లాసు నా వైపు జరిపి కిటికీలోంచి బయటికి చూశారు.

ఏడు వేశారు. సంతకం కూడా ఉంది. పుస్తకం పట్టుకుని బయటికొచ్చాక సంతోషం రాలేదు. నీ దగ్గర్నుంచి మళ్లీ ఏదో ఎత్తుకొచ్చినట్టనిపించింది.

యెరిత్సా


పోద్‌గోరా
3 జూన్ 1983

దొంగ యెరిత్సాకి,

ఇంటికొచ్చాను. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది గానీ గుమ్మంలో కూర్చుని చామంతి పూలు ఏరుతున్నాను. తలకి అమ్మమ్మ రుమాలు కట్టుకున్నాను. అచ్చం ఆవిడలాగే ఉన్నానని పెద్దమ్మ కళ్లొత్తుకుంది. నాకు ఇరవై ఒకటే పెద్దమ్మా అన్నాను.

నీ ఏడు సంగతి చదివాను. ఎత్తుకొచ్చినట్టనిపించడం కాదు, ఎత్తుకెళ్లావు. మొదటిసారి నా జవాబుతో గట్టెక్కావు, ఈసారి నా ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ నిన్ను పాస్ చేయించాను. ఇంకా రెండేళ్ల చదువుంది నీకు. నా ఒంట్లో ఇక ఏమీ మిగల్లేదు, చెప్పేస్తున్నాను.

నవ్వుతున్నానని అనుకుంటున్నావేమో. సగం నవ్వుతున్నాను. నా జబ్బు గురించి నా కంటే నీకు ఎక్కువ తెలుసన్నది నాకు ఇంకా మింగుడుపడటం లేదు. అడుగంటింది నా రక్తం. అంకెలు కంఠతా వచ్చింది నీకు. ఆసుపత్రిలో పడుకుని ఇదే ఆలోచించాను. డాక్టరమ్మతో అంటే, అయితే నువ్వూ చదువుకో, ఎవరు వద్దన్నారు అంది. అంత మామూలుగా అంది. రెండున్నరేళ్లుగా నేను నీ మీద కుళ్లుకుంటూ ఆ ఒక్క మాట నాతో నేను అనుకోలేదు. వచ్చే ఏడు ప్రవేశ పరీక్షకి కూర్చుంటాను. ఫ్యాక్టరీవాళ్లు ఇస్తే సరే, ఇవ్వకపోతే మూలికల కేంద్రంలో సెలవుల్లో పనిచేస్తాను. నీ పుస్తకాలు, నోట్సు అన్నీ పంపు. అబద్ధాలు ఉంటే ముందే గీత కొట్టి పంపు. నేను పాసైనప్పుడు ఏడు రాదని ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను.

పచ్చిక అంచుకి ఒక పలక కొట్టాను, కాడ చూడండి అని. బాణం గుర్తు వేసి రెండు ఆకులూ గీశాను. మొన్న నగరం నుంచి వచ్చిన ఒకాయన దాన్ని చదివి, మాకు తెలీదా అని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆయన బుట్ట నేను తిరగేసి చూసి గానీ వదల్లేదు.

ఈ ఉత్తరంతో పాటే ఒక పార్సెల్ వేరే పోస్టు చేశాను. జుట్టు రాలడం మొదలైన రోజు నర్సుని పిలిచి, దువ్వెనకి పోయేకంటే అల్లి ఉన్నప్పుడే కత్తిరించెయ్యి అన్నాను. ఆ జడ దిండు కింద పెట్టుకున్నాను, ఏం చెయ్యాలో తోచక. ఇప్పుడు తోచింది. కొస దగ్గర బెత్తెడు ఎనిమిదేళ్లప్పుడే నువ్వు తీసుకున్నావు కదా, మిగతాది కూడా నువ్వే ఉంచుకో. నాకు మళ్లీ వస్తుందని నువ్వే రాశావు. రాకపోతే నీ ఏడు వెనక్కి తీసుకుంటారు.

శనివారానికి అందుతుంది. యెరిత్సా, ఈ పార్సెల్ మాత్రం వచ్చిన వెంటనే విప్పు.

నీ నెవెంకా